మోకాలి నొప్పి

2025 అక్టోబరు 5, ఆదివారం

మున్సిఫ్ వీరాంజనేయులు నాకు డఫేదారీ, అంటే బంట్రోతుల మీద పెద్దరికం, రాకుండా చేశాడు. ముప్పై ఎనిమిదేళ్లయింది. ఈ డైరీలో మొదటి మాట అదే రాస్తున్నాను. సీనియారిటీ నాది. గొంతు నాది. కోర్టు హాలు గుమ్మంలో నిలబడి కక్షిదారు పేరు మూడుసార్లు పిలిస్తే, రోడ్డు అవతల కాఫీ హోటల్లో కూర్చున్నవాడు గ్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. అలాంటి నన్ను పక్కనపెట్టి నా వెనక చేరినవాడికి డఫేదారు పటకా కట్టించి వెళ్లాడు. రిటైరయ్యేదాకా నేను ఉత్త బిళ్ళ బంట్రోతునే.

నాది ఐదో క్లాసు చదువు. మిగిలిన అక్షరాలు కోర్టు కట్టల మీద పేర్లు చూసి నేర్చుకున్నవి. ఈ డైరీ ఇండియన్ స్టోరులో ఊరికే ఇచ్చారు. తప్పులుంటే ఉంటాయి, చూసేవాడు ఎవడూ లేడు.

అసలు రాయడం మొదలుపెట్టింది డఫేదారీ గురించి కాదు. సుమతి అన్నం తినడం లేదు. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక రాస్తున్నాను.

సుమతి నా కూతురు. ఒక్కతే. ఇక్కడ జడ్జి. మేముండేది అరోరాలో, దాని కోర్టు వేరే కౌంటీలో, కారులో గంట. ప్రమాణం చేసి నాలుగేళ్లు కావస్తోంది. అది చూడటానికి వచ్చినవాణ్ణి, వాళ్లమ్మ పోయింది కదా, ఒక్కడివీ ఏం చేస్తావని వెనక్కి పంపలేదు. పొద్దున నేను సర్ది ఇచ్చే డబ్బా సాయంత్రం సర్దినట్టే తిరిగొస్తుంది. మూత తీయక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే బరువు చెబుతుంది. కారు గరాజులో పెట్టి, ఇంజను ఆపేసి, అందులోనే అరగంట కూర్చుంటుంది. అల్లుడు శశికాంత్ “పాడ్‌కాస్ట్ వింటోంది మామయ్యగారూ” అంటాడు. వెళ్లి అద్దంలోంచి చూశాను. ఏమీ వినడం లేదు. స్టీరింగు పట్టుకుని గోడకేసి చూస్తోంది.

నాలుగేళ్లకోసారి ఫారం పెట్టుకోవాలట, ఇంకో నాలుగేళ్లు కావాలని. పై జడ్జీలు ఓటేస్తారట. ఈ నెల ముప్పై ఒకటి ఆఖరు. మనవరాలు ప్రణవి చెప్పింది.

“తాతా, మామ్ ఆ ఫామ్ ఓపెన్ కూడా చెయ్లేదు. క్విట్ చేస్తుంది అనుకుంటా. నువ్వు అడుగు.”

అడగను. జడ్జిని బంట్రోతు అడగకూడదు.

అక్టోబరు 7, మంగళవారం

ఇవాళ డబ్బా వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. మర్చిపోలేదు, వదిలేసింది. శశికాంత్‌కి ఇంటినుంచి పని. పద, డ్రైవ్ చెయ్యి అన్నాను. మీటింగుంది అన్నాడు. కారులో పెట్టుకో నీ మీటింగు అన్నాను.

దాని కోర్టు మామూలు రోజున చూడటం ఇదే మొదలు. మేం వెళ్లేసరికి పావుగంట విరామం. నేను వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకు నిలబడ్డాను. శశికాంత్ చొక్కా లాగుతున్నాడు.

“కూర్చోండి మామయ్యగారూ, అందరూ చూస్తున్నారు.”

“కోర్టులో బంట్రోతు కూర్చోడు.”

“మీరిక్కడ బంట్రోతు కాదు కదండీ.”

“ఎక్కడైనా అదే.”

చివరికి అక్కడి డెప్యూటీ, అంటే మన డఫేదారు లాంటివాడు, వచ్చి వేలితో బెంచీ చూపించాడు. కూర్చున్నాను. అరవై ఏళ్లుంటాయి. మంచి ఒడ్డూ పొడుగూ. జేబు మీద డెనిస్ అని ఉందట, శశికాంత్ చదివి చెప్పాడు.

అప్పుడు సుమతి వచ్చింది. వెనక తలుపు తనే తోసుకుని, రెండు చేతుల్లో కాయితాలతో. డెనిస్ బల్ల దగ్గర కూర్చునే ఉన్నాడు. కాఫీ కప్పు పెదాల దగ్గరనుంచి కాస్త దించి “ఆల్ రైజ్” అన్నాడు. లేవండి అని. చెప్పినవాడు లేవలేదు. వాడి గొంతు రెండో బెంచీ దాటలేదు. కొందరు సగం లేచారు. ఇద్దరు లాయర్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. సుమతి ఎవరినీ చూడకుండా కూర్చుంది.

పన్నెండింటికి ఛాంబరులోకి వెళ్లి డబ్బా ఇచ్చాను. “ఎందుకొచ్చావు నాన్నా ఇంత దూరం” అని బల్ల మీద పెట్టుకుంది. దాని ముందు ఈ మందం కాయితాలు. ఈక్విటీ కమిటీ అట. తెల్లవాళ్లకూ కానివాళ్లకూ కోర్టులో ఒకే మర్యాద జరుగుతోందా లేదా అని రిపోర్టు రాయాలట. భోజనం వేళ తప్ప దానికి వేరే వేళ లేదట. ఎవరు రాయమన్నారు అంటే, “నేనే చైర్ నాన్నా, ఇంకెవరున్నారు” అంది.

ఒకటిన్నరకు బయటికొస్తుంటే పక్క హాలు తలుపు తెరిచి ఉంది. అక్కడ తెల్ల జడ్జి, మధ్యాహ్నం కోర్టు. డెనిస్ పొద్దున మా అమ్మాయికి, మధ్యాహ్నం ఆయనకి. అదే మనిషి ముందుగా వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. జడ్జికి మూడడుగుల ముందు నడిచాడు. నిటారుగా నిలబడి ఆ రెండు మాటలే అన్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి. హాలంతా ఒక్క మనిషిలా లేచింది.

శశికాంత్ ఫోన్లో మీటింగు వింటున్నాడు, చూడలేదు. ఆ బిల్డింగులో అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. చూడటం తెలిసినవాణ్ణీ నేనొక్కణ్ణే.

అక్టోబరు 8, బుధవారం

నిద్రలేచిన దగ్గర్నుంచి మా కోర్టే కళ్ల ముందుంది.

పెంకుల కప్పు, రాతి మెట్లు. తొమ్మిదింటికి నేను తాళం తీస్తే ముందు గబ్బిలాల వాసన, తరవాత లక్క వాసన. ఎర్ర గుడ్డ కట్టలు దించి వరస పెట్టేవాణ్ణి. వరండాలో ముగ్గురు టైపు మిషన్ల వాళ్లు. స్టాంపుల వెండరు ముక్కుపొడి పీలుస్తూ వచ్చేవాడు. ఒకసారి దొంగతనం కేసులో గేదెదూడ సాక్ష్యంగా వచ్చి, వాయిదాల మీద వాయిదాలు పడి, కోర్టు ఆవరణలోనే ఈనింది. మున్సిఫ్ గారు బెంచీ దిగి వచ్చి చూశారు. దాని జున్ను ఎవరికి చెందాలని ప్లీడర్లు వాదించుకున్నారు. అంత నవ్వు నేను మళ్లీ ఏ కోర్టులోనూ వినలేదు.

పదిన్నరకు నా పని. ఇస్త్రీ చేసిన తెల్ల కోటు, ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ చింతపండుతో తోమి. ఛాంబరు తలుపు తీసి పట్టుకుని, ముందు నేను, వెనక అయ్యగారు. నేను గుమ్మంలో అడుగుపెట్టి “సైలెన్స్” అంటే ఈగ కూడా వాలేది కాదు. జనం లేచేది జడ్జిని చూసి కాదు. ముందు నడిచేవాణ్ణి చూసి. వాడు ఎలా నడిస్తే జనం అలా లేస్తారు. ఈ ముక్క ఏ లా పుస్తకంలోనూ ఉండదు.

ఏడుగురు మున్సిఫుల ముందు నడిచాను.

సుమతి సాయంత్రం బడి అయ్యాక కోర్టుకే వచ్చేది. రికార్డు గది మెట్ల మీద కూర్చుని చదువుకునేది. నాతోనే సైకిల్ మీద ఇంటికి. ఆ రోజులు బాగుండేవి.

అక్టోబరు 9

మోకాలు నొప్పి. చలికి.

అక్టోబరు 12, ఆదివారం

సుమతి కోర్టులో రిటైరైన నల్ల జడ్జి, లోరెట్టా, ఇంటికి వచ్చింది. డెబ్బై ఉంటాయి. పెసరట్టు రెండు తిని మూడోది అడిగింది. ఆ ఒక్కదానికే నాకు నచ్చింది. ఆమె మాటలు నాకు, నా మాటలు ఆమెకు ప్రణవి చెప్పింది.

“తాతా, షీ సేస్, నిన్ను మీట్ అవ్వాలని ఫోర్ ఇయర్స్ నుంచి వెయిటింగ్ అట. మామ్ స్పీచ్‌లో నీ స్టోరీ చెప్పింది కదా.”

చెప్పింది. ప్రమాణం రోజున. మా ఊరి కోర్టుకి మాలపల్లెలో పుట్టిన జడ్జి వస్తే ఆయన ముందు నడవడానికి ఎవరూ ఒప్పుకోలేదని, మా నాన్న ఒక్కడే నడిచాడని, ఆ నడక కథ వింటూ పెరిగానని. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ లేచి దణ్ణం పెట్టాను.

లోరెట్టా చెప్పింది: తను బెంచీ ఎక్కిన కొత్తలో డెప్యూటీ చూయింగ్ గమ్ నములుతూ లేవమనేవాడట. కొత్త లాయర్లు తనను చూసి జడ్జి ఎప్పుడొస్తారమ్మా అని అడిగేవారట. సుమతినైతే రెండుసార్లు స్పానిష్ దుబాసీ అనుకున్నారట. సుమతి నవ్వేసి “అవన్నీ చిన్నవి లోరెట్టా” అంది. లోరెట్టా నవ్వలేదు. “చిన్నవే. నాకు గుండెలో స్టెంట్లు కూడా చిన్నవే వేశారు” అంది. తరవాత నాకేసి చూసి ఏదో అంది.

“తాతా, నీలాంటి మనిషి ఒకడు తన ముందుంటే ఇంకో టెన్ ఇయర్స్ చేసేదాన్ని అంటోంది.”

నేను పెసరట్టు తిరగేయడానికి వంటింట్లోకి వెళ్లాను.

అక్టోబరు 14, మంగళవారం

నిన్న కోర్టు సెలవు. అయినా రిపోర్టు రాసింది. ఇవాళ గరాజు తలుపు శబ్దం విని అరగంట ఆగి, అది లోపలికి రాగానే అడిగేశాను. బంట్రోతుగా కాదు, తండ్రిగా.

“ఆ డెనిస్ నీకు లేవడేం?”

“ఎవరు? ఓ, డెనిసా. అతనికి బ్యాక్ పెయిన్ నాన్నా. డిస్క్ ప్రాబ్లమ్. పాపం, ఫస్ట్ వీక్‌లోనే చెప్పాడు.”

“పక్క హాల్లో లేచాడే. నేను చూశాను.”

“మార్నింగ్ స్టిఫ్‌గా ఉంటుందేమో. ఆఫ్టర్‌నూన్‌కి లూజ్ అవుతుంది. నాన్నా, ప్లీజ్. నేను రోజుకి అరవై కేసులు వింటాను. ఒక ముసలాయన నడుం గురించి కంప్లైంట్ చెయ్యాలా? అందరూ ఏమంటారో తెలుసా, చూశారా, ఈక్విటీ కమిటీ చైర్‌కి సెల్యూట్ కావాలట అంటారు.”

“మరి అన్నం ఎందుకు తినవు?”

“ఆకలెయ్యట్లేదు.”

“ఆ ఫారం?”

కోటు తీసి కుర్చీకి తగిలించింది. “నేను ఈ పనికి పుట్టలేదేమో నాన్నా. నేను బెంచ్ మీద కూర్చుంటే రూమ్ నా మాట వినదు. వేరే జడ్జిలకి వింటుంది. నాలోనే ఏదో లేదు.”

జడ్జీల ఆరోగ్యం కోసమని పైవాళ్లు దాని ఫోనులో ఒక యాప్ పెట్టించారు. అది మోగితే ఊపిరి పీల్చి వదలాలట. అప్పుడే మోగింది. ఉలిక్కిపడింది.

అక్టోబరు 15

నడుం నొప్పి.

నాకూ మోకాలి నొప్పి ఉన్నమాట నిజం. ఇప్పుడు ఉంది. అప్పుడూ ఉంది. కొంత.

అక్టోబరు 17, శుక్రవారం

రాస్తాను. ఎవడు చూడబోయాడు.

పాత డఫేదారు రిటైరైన నెలలోనే వీరాంజనేయులు గారు వచ్చారు. సుమతి స్పీచ్‌లో చెప్పిన జడ్జి ఆయనే. 1986. డఫేదారు ఎవరైనా, గొంతు కోసం జడ్జి ముందు నడిచేది ఎప్పుడూ నేనే. మావాళ్లు ఊళ్లో ఎవరికీ గొప్పవాళ్లు కారు. అయినా మాకూ ఒకళ్లు కింద ఉండాలి. మా ఆఫీసు పెద్ద శిరస్తాదారు నన్ను పిలిచి, “ఏరా, రేపట్నుంచి నువ్వేగా ముందు” అని నవ్వాడు. అంతే అన్నాడు. నడవొద్దని అనలేదు. ఇన్నేళ్లూ ఆయనే వద్దన్నాడని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు స్టూలు మీదనుంచి లేవకుండానే “సైలెన్స్” అన్నాను. అయ్యగారు తలుపు తనే తోసుకు వచ్చారు. ప్లీడర్లు నన్ను చూశారు, ఆయన్ని చూశారు, సగం లేచారు. సాయంత్రం ఛాంబరులోకి పిలిచి ఏమైందని అడిగారు. మోకాలి నొప్పండి అన్నాను.

పదకొండు నెలలు.

రోజూ పొద్దున వస్తూనే అడిగేవారు. “మోకాలు ఎట్లా ఉందయ్యా?” “అలాగే ఉందండయ్యగారూ.” ఒకరోజు సంతలో నేను సైకిల్ మీద ఎదురయ్యాను, వెనక బియ్యం మూట, ముందు సుమతి. ఆయన చూశారు. మర్నాడు కూడా అడిగారు. అదే మాట, అదే గొంతు. “మోకాలు ఎట్లా ఉందయ్యా?”

మధ్యాహ్నం ఆయన క్యారియరు క్వార్టర్స్ నుంచి నేనే తేవాలి, నేనే తిరిగి తీసుకెళ్లాలి. హ్యాండిలుకి గుడ్డ చుట్టి పట్టుకునేవాణ్ణి. వేడి అని చెప్పేవాణ్ణి. తిరిగి తీసుకెళ్లేటప్పుడు చల్లగానే ఉండేది, అప్పుడూ గుడ్డ చుట్టేవాణ్ణి. తీసుకెళ్లిన బరువే తిరిగొచ్చేది. పదకొండు నెలలు ఆ బరువు నా చేతికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆయన బెల్టుకి కొత్త చిల్లులు పొడిచినా, వేసంగిలో బెంచీ మీదే కళ్లు తిరిగి పడిపోయినా చెప్పలేదు. సెలవు పెట్టారు. సెలవు నుంచే రాజీనామా పంపారు. ఆ వారమే డఫేదారీ కాయితం మీద వేరేవాడి పేరు రాసి సంతకం పెట్టారు. నా మీద ఒక్క మెమో లేదు, ఒక్క చెడ్డ మాట రాయలేదు. పేరు రాయలేదు, అంతే.

సుమతికి పదేళ్లు. సాయంత్రం వచ్చేది కాబట్టి పొద్దుటి సంగతి చూడలేదు. పాత కాజ్ లిస్టుల, అంటే ఏ రోజు కేసులు ఆ రోజు రాసే పట్టీల, వెనకవైపు తెల్లకాయితం చింపి, లెక్కలు చేసుకోమని ఆయన దానికి ఇచ్చేవారు. ఇంగ్లీషు మాటలు పలికించేవారు. ఆయన వెళ్లిపోయాక అది ఏడ్చింది. “ఆయన ముందు నువ్వే నడిచేవాడివా నాన్నా?” అంది. అవునన్నాను. పిల్ల ఏడుస్తోంది, ఇంకేం చెప్పను. ఆ తరవాత ప్రతి ఏడూ ఆ కథ కాస్త పెరిగింది. చివరికి నేనూ చూశాను, ఆయన ముందు నేను నడుస్తున్నట్టు. ఇప్పటికీ కనబడుతుంది. తెల్ల కోటు, బిళ్ళ.

ఏడుగురు కాదు. ఆరుగురు.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. అమ్మాయికి సెలవు లేదు. గుమ్మంలో బ్యాటరీ దీపాలు. ప్రణవి అడిగింది, “తాతా, నువ్వు ఆ జడ్జి స్టోరీ చెప్పు, కాలేజ్ ఎస్సేలో రాస్తా” అని. గొంతు బాగాలేదన్నాను.

అబద్ధం చెప్పడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒక ఒళ్లు నొప్పి దొరుకుతుంది.

అక్టోబరు 21, మంగళవారం

చెప్పాను.

డబ్బా తీసి చూపించాను ముందు. తరవాత మొత్తం. స్టూలు, గుడ్డ, క్యారియరు, రాజీనామా. అది నిలబడే వింది. నేనూ నిలబడే చెప్పాను.

“రూమ్ నీ మాట వినకపోవడం నీలో లేక కాదమ్మా. అది ముందున్నవాడు చేసే పని. ఎలా చెయ్యాలో నాకు తెలుసు, నేను చేశాను. కుర్చీలోంచి లేవకపోతే చాలు. మిగతాది జనం చేస్తారు. నొప్పి ఉందంటే ఇంకెవరూ అడగలేరు. అడిగినవాడే చిన్నవాడవుతాడు.”

డబ్బా నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టింది. తరవాత మెల్లగా అంది.

“నేను సైకిల్ మీద ఉండేదాన్ని కదా నాన్నా. ముందు కడ్డీ మీద. ఎదురుగాలిలో కూడా తొక్కేవాడివి.”

“అవును.”

“ఆ స్పీచ్ మూడొందల మంది విన్నారు.”

“విన్నారు.”

మెట్లెక్కి గదిలోకి వెళ్లిపోయింది. శశికాంత్ నాకేసి చూసి, “ఇప్పుడు చెప్పాల్సిందా మామయ్యగారూ, తను అసలే స్ట్రెస్‌లో ఉంటే” అన్నాడు. ఎప్పుడు చెప్పాల్సింది? తలుపులు మూసుకున్నాకా?

అక్టోబరు 22

మాట్లాడలేదు.

అక్టోబరు 23

మాట్లాడలేదు. డబ్బా తీసుకెళ్లలేదు. నేను కట్టింది తినడం ఇష్టం లేదేమో.

వీరాంజనేయులు గారిని ఇన్నేళ్లూ ఈ డైరీకి ముందు కూడా మనసులో “చేశాడు, వెళ్లాడు” అనుకునేవాణ్ణి. మొదటి పేజీ తిరగేసి చూశాను, అలాగే ఉంది. దిద్దను. ఉండనీ.

అక్టోబరు 24, శుక్రవారం

సాయంత్రం కారు వచ్చింది. ఇంజను ఆగింది. అరగంట ఆగలేదు నేను. వెళ్లి పక్క తలుపు తీసి కూర్చున్నాను. అది నాకేసి తిరగలేదు. నేనే మాట్లాడాను.

“నా మీద కోపం ఉంటే ఉంచుకో. బతికున్నన్నాళ్లూ ఉంచుకో, నేను అడ్డు చెప్పను. ఆ స్పీచ్ అబద్ధమని ఎవరికి చెప్పాలనుకుంటే వాళ్లకి చెప్పు, నన్ను తీసుకెళ్లి చెప్పించినా వస్తాను. అది వేరు. ఫారం వేరు.”

“అంత ఈజీగా వేరు చేస్తావా నాన్నా?” అంది. మూడు రోజుల తరవాత మొదటి మాట.

“ఈజీ కాదు. ఒక జడ్జిని నేను బెంచీ దింపాను. ఆయన నాలోనే ఏదో లేదనుకుని వెళ్లారో, వీడే చేశాడని తెలిసి వెళ్లారో నాకు తెలియదు. తెలిసే ఉంటుంది. అయినా ఆయనకు చెప్పేవాడు ఒక్కడూ లేడు. నీకు చెప్పాను. ఇక అలసిపోయాను, పనికిరాను అని వెళ్లకు. వెళ్లాలనుకుంటే వెళ్లు. తోసేస్తున్నారని తెలిసి వెళ్లు. ఉండాలనుకుంటే ఆ రిపోర్టులో అందరి సంగతీ రాస్తున్నావుగా, నీ హాలు సంగతి కూడా రాయి. ఆ డెనిస్‌ని పిలిచి అడుగు.”

“ఏమని అడగను?”

“అది నాకు తెలియదు. నన్ను ఆయన పదకొండు నెలలు మర్యాదగా అడిగారు. నేను లేవలేదు. మర్యాదగా మాత్రం అడక్కు.”

నవ్విందో ఏడ్చిందో, అటు తిరిగి ఉంది, కనబడలేదు. స్టీరింగు మాత్రం వదిలేసింది.

“టైమ్ ఇవ్వు నాన్నా.”

ముప్పై ఒకటి శుక్రవారం. చివరి రోజు మధ్యాహ్నం కంప్యూటరు పనిచెయ్యలేదనే మాట నా దగ్గర చెల్లదు, అలాంటి మాటలు కోర్టులో నలభై ఏళ్లు విన్నాను. కాబట్టి బుధవారం అన్నాను. ఇరవై తొమ్మిది. సాయంత్రం ఆరు గంటలకు వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను. సంతకం పెడతావా, పెట్టవా? నోటితో చెప్పాలి. చూద్దాంలే అంటే ఒప్పుకోను. బుధవారం ఆరింటికి నాకు జవాబు కావాలి.